బాడుగవాళ్లు గడువుకు ముందే ఖాళీ చేస్తామంటే ఇంటి ఓనర్ ఏం చేయాలి

"అంకుల్, మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, ఈ నెలాఖరుకు ఖాళీ చేస్తాం." తిరుపతిలో ఇల్లు బాడుగకు ఇచ్చిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది. ఇక్కడ బాడుగకు ఉండేవాళ్లలో బ్యాంకు ఉద్యోగులు, స్విమ్స్‌లో, రుయాలో పనిచేసే డాక్టర్లు, నర్సులు, యూనివర్సిటీల్లో చదివే పిల్లలు, శ్రీసిటీకీ కరకంబాడికీ డ్యూటీకి వెళ్లొచ్చేవాళ్లు చాలామంది. వీళ్ల ఉద్యోగం కదిలితే ఇల్లూ కదులుతుంది. పదకొండు నెలలకు అగ్రిమెంట్ రాసుకున్నా, ఐదో నెలలోనే వెళ్లిపోవాల్సిన అవసరం వాళ్లకు రావచ్చు.

అట్లాంటప్పుడు ఓనర్లు రెండు రకాలుగా పోతుంటారు. కొందరు మొహమాటానికి అడ్వాన్స్ మొత్తం ఇచ్చి పంపేసి, తర్వాత కరెంటు బిల్లు చూసి బాధపడతారు. ఇంకొందరు "అగ్రిమెంట్ ఉంది కదా, అడ్వాన్స్‌లో పైసా ఇవ్వను" అని గట్టిగా కూర్చుంటారు. రెండూ సరికాదు. వాళ్లు ముందే వెళ్లడం వల్ల మీకు నిజంగా ఎంత నష్టం వచ్చిందో అంతే తీసుకోవాలి, మిగిలింది ఇచ్చేయాలి. చట్టం చెప్పేదీ దాదాపు అదే. ఆ లెక్క ఎలా తేల్చాలో, ఏ కాగితం ఎప్పుడు రాయించాలో వరసగా చెబుతాను.

ముందు బీరువా తెరిచి అగ్రిమెంట్ చూడండి

ఫోన్‌లో "సరే" అనే ముందు ఇది చేయండి. మొదట తేదీ చూడండి. చాలా ఇళ్లలో అగ్రిమెంట్ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, బాడుగ మాత్రం నెలనెలా వస్తుంటుంది. అలా కొనసాగుతున్న ఇంటికి వేరే రాతకోతలు ఏమీ లేకపోతే దాన్ని నెలవారీ బాడుగగానే చూస్తారు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం ఇటువైపు వాళ్లయినా అటువైపు వాళ్లయినా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలు. అంటే అక్కడ 'గడువుకు ముందే' అనే మాటే లేదు. ఆ నోటీసు సరిగ్గా ఇచ్చి ఉంటే మీరు నష్టపరిహారం అడగడానికి వీల్లేదు.

గడువు ఇంకా ఉంటే, ఖాళీ చేయడం గురించి ఏం రాశారో చూడండి. "ఉభయులలో ఎవరైనా ఒక నెల ముందు నోటీసు ఇచ్చి" అన్న వాక్యం ఉంటే అదే మీ ఇద్దరికీ ప్రమాణం. నెల నోటీసు ఇచ్చి వెళ్తున్నవాళ్లు ఒప్పందం తప్పినట్టు కాదు, ఒప్పందం ప్రకారమే వెళ్తున్నట్టు. నోటీసు మాటే లేకుండా "పదకొండు నెలలు" అని మాత్రమే ఉంటే, మధ్యలో వెళ్లేవాళ్లు ఒప్పందం తప్పినట్టే. అయినా మిగిలిన ఆరు నెలల బాడుగ మొత్తం మీకు వచ్చేస్తుందని అనుకోకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73, 74 సెక్షన్ల కింద మీకు దక్కేది సహేతుకమైన పరిహారం మాత్రమే. అగ్రిమెంట్‌లో "ముందే ఖాళీ చేస్తే అడ్వాన్స్ జప్తు" అని రాసి ఉన్నా, ఆ మొత్తాన్ని గరిష్ఠ పరిమితిగానే చూస్తారు. నష్టం జరగని చోట డిపాజిట్ మొత్తాన్ని ఉంచేసుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో ఒక కేసులో స్పష్టంగా చెప్పింది. ఇల్లు ఖాళీ పడకుండా చూసుకునే ప్రయత్నం మీరు చేశారా లేదా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. టూలెట్ బోర్డు కూడా పెట్టకుండా ఇంటికి తాళమేసి, నెలనెలా బాడుగ ఇమ్మంటే నిలవదు.

షాపులకు, ఆఫీసులకు ఇచ్చిన అగ్రిమెంట్లలో లాక్ ఇన్ పీరియడ్ అని ఉంటుంది. రెండేళ్లో మూడేళ్లో కదలకూడదని. వాటి లెక్క పెద్దది. మీరు వాళ్ల కోసం గోడలు కొట్టించి ఉంటారు, షట్టర్లు వేయించి ఉంటారు. అక్కడ వకీలుకు చూపించకుండా ఏ మాటా ఇవ్వొద్దు. ఇక్కడ నేను చెప్పేదంతా ఇళ్ల గురించే.

ఎందుకు వెళ్తున్నారో అడగండి

ఇది పరామర్శ కోసం మాత్రమే కాదు. కారణం ట్రాన్స్‌ఫరో, పెళ్లో, పెద్దవాళ్లు మెట్లెక్కలేకపోవడమో అయితే ఒకరకం. కారణం మీ ఇల్లే అయితే లెక్క మారుతుంది. వంటగది గోడ చెమ్మెక్కుతోందని, మోటారు చెడి వారాల తరబడి నీళ్లు రావడం లేదని వాళ్లు ముందే చెప్పి ఉంటే, మీరు బాగు చేయించకపోతే, నోటీసు తక్కువైందని డబ్బు కోయడం న్యాయం కాదు. 2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా వీధుల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అట్లా వరదకో, అగ్నిప్రమాదానికో ఇల్లు కాపురానికి పనికిరాకుండా పోతే, బాడుగను అక్కడితో ముగించుకునే హక్కు వాళ్లకు చట్టంలోనే ఉంది. దానికి కారణం వాళ్లే అయితే తప్ప.

కారణం ఇల్లే అని తేలితే, తర్వాత వచ్చేవాళ్ల కోసమైనా ఆ పని చేయించాల్సిందే. ఒక్కోసారి అది చేయిస్తానంటే వాళ్లే ఆగిపోతారు.

నోటి మాటను రాతలోకి తెప్పించండి

మెట్ల దగ్గర చెప్పిన మాట నోటీసు కాదు. "అమ్మా, ఏ తేదీకి ఖాళీ చేస్తారో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వండి" అని అడగండి. ఆ కాగితంలో మీకు ఆ మాట చెప్పిన తేదీ, ఖాళీ చేసే తేదీ, భార్యాభర్తలిద్దరి పేర్ల మీద అగ్రిమెంట్ ఉంటే ఇద్దరి సంతకాలు ఉండాలి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టినా లేకపోవడం కంటే మేలు, కానీ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, మీ జవాబు కూడా అందులోనే ఇవ్వండి. "మీ మెసేజ్ అందింది. సెప్టెంబరు 30కి ఖాళీ చేస్తున్నట్టు గుర్తించాను. అగ్రిమెంట్ ప్రకారం నోటీసు అక్టోబరు 10 వరకు ఉంది. లెక్క కూర్చుని మాట్లాడుకుందాం" అని రాస్తే చాలు. కోపంగా ఉన్నప్పుడు మాత్రం ఏమీ రాయొద్దు. ఒక రాత్రి ఆగితే ఏమీ పోదు.

తేదీ దగ్గర పంచాంగం కూడా చూడండి

మన దగ్గర ఇల్లు మళ్లీ నిండడం అనేది నెలను బట్టి ఉంటుంది. ఆషాఢంలో కొత్తింట్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ. తిరుపతి, చిత్తూరుల్లో తమిళం మాట్లాడే కుటుంబాలు కూడా ఎక్కువే, వాళ్లు ఆడి మాసంలో ఇల్లు మారరు. ఆడి మొదలయ్యేది జూలై మధ్యలో, ముగిసేది ఆగస్టు మధ్యలో. ఈ రెండూ కలిస్తే ఇల్లు చూసిపోయేవాళ్లు ఉంటారు గానీ దిగేవాళ్లు ఉండరు. డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా కూడా అంతే.

కాబట్టి వాళ్లు జూలైలో ఖాళీ చేస్తామంటే, కొంచెం అటూ ఇటూ జరిపే వీలుందేమో అడగండి. ఆషాఢం రాకముందే ఖాళీ చేస్తే నోటీసు పది రోజులు తక్కువైనా ఒప్పుకోవడం మీకే లాభం. ఇది వాళ్లతో నేరుగా చెప్పండి. "మీరు ఈ తేదీకి ఇస్తే శూన్యమాసం రాకముందే ఎవరైనా దిగుతారు, మీకూ కోత ఉండదు" అంటే అర్థం చేసుకుంటారు.

వాళ్లు ఉండగానే కొత్తవాళ్లను వెతకండి

ఖాళీ అయ్యాక బోర్డు పెడదాంలే అనుకుంటే ఒక నెల బాడుగ పోయినట్టే. నోటీసు అందిన వారంలోనే టూలెట్ బోర్డు తగిలించండి. కానీ అప్పటికి ఆ ఇల్లు ఇంకా వాళ్లదే. వంటింట్లో ఆడవాళ్లుండగా చెప్పాపెట్టకుండా నలుగురిని వెంటేసుకుని వెళ్లకూడదు. ఏ వేళకు చూపించవచ్చో వాళ్లనే అడగండి, "సాయంత్రం ఐదు నుంచి ఏడు" అంటే ఆ వేళకే, ముందు ఫోన్ చేసి వెళ్లండి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ముందుగా మాట్లాడేది పాతవాళ్లతోనే. వాళ్లతో మీరు మర్యాదగా ఉంటే "ఓనర్ మంచోళ్లు, నీళ్లకు ఇబ్బంది లేదు" అని వాళ్లే చెబుతారు.

"మా కొలీగ్ ఉన్నాడు, మా బదులు ఆయన దిగుతాడు" అని వాళ్లే మనిషిని తెస్తే తోసిపుచ్చకండి, అందరికీ కలిసొచ్చే దారి అది. అయితే ఆ వచ్చే మనిషిని కొత్తవాళ్లను చూసినట్టే చూడండి. ఆధార్, ఉద్యోగం వివరాలు తీసుకోండి, కొత్త అగ్రిమెంట్ రాయించండి, కొత్త అడ్వాన్స్ మీ అకౌంట్‌కే వేయించుకోండి. పాతవాళ్ల అడ్వాన్స్‌ను వాళ్లలో వాళ్లే సర్దుకుని, పాత అగ్రిమెంట్ మీదే కొత్త మనిషి ఉండడం మాత్రం వద్దు. ఆరు నెలలకు గొడవ వస్తే ఎవరి డబ్బు ఎవరి దగ్గరుందో తేలదు.

ఇల్లు కలిసి చూడండి

ఖాళీ చేయడానికి వారం ముందు ఒకసారి, సామాన్లు లారీకెక్కాక ఇంకోసారి, ఇద్దరూ కలిసి ప్రతి గదీ తిరగాలి. మొదటిసారి చూసినప్పుడు కనిపించినవి వాళ్లే బాగు చేయించుకునే వ్యవధి ఉంటుంది. మనకంటే తక్కువ ఖర్చులో చేయించుకోవచ్చు కూడా.

ఏది వాళ్లు పెట్టుకోవాలి, ఏది మీరు పెట్టుకోవాలి అనేదానికి చట్టంలో ఉన్న గీత సూటిగానే ఉంటుంది. తీసుకున్నప్పటి స్థితిలోనే ఇల్లు అప్పగించాలి, మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల మాత్రం లెక్కలోకి రాదు. గోడ రంగు వెలిసిపోవడం, తలుపు మూలల్లో చేతి మరకలు, గుమ్మం దగ్గర నేల గీతలు పడడం, ఇవన్నీ కాపురం చేసిన ఇంట్లో ఉండేవే. వాటికి డబ్బు అడగకూడదు. మన దగ్గర బోరు నీళ్లతో ఇంకో చిక్కు ఉంది. ఉప్పు నీళ్లయితే ఏడాదికే కొళాయిల మూతి దగ్గర తెల్లగా పేరుకుంటుంది, షవర్ రంధ్రాలు మూసుకుపోతాయి, గీజరు కాయిల్ పోతుంది. అది నీళ్ల పని, మనుషుల పని కాదు. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన కిటికీ అద్దం, ఏసీ కోసం అడక్కుండా గోడకు కొట్టించిన రంధ్రం, పిల్లలు స్కెచ్ పెన్నులతో గీసిన గోడ మాత్రం వాళ్ల లెక్కలోకే వస్తాయి.

వాళ్లు బిగించుకున్న ఫ్యాన్లు, గీజరు, దోమతెర ఫ్రేములు వాళ్లవే. ఇల్లు అప్పగించేలోపు విప్పి తీసుకెళ్లే హక్కు వాళ్లకుంది, విప్పిన చోట సరిచేసి వెళ్లాలి. "అవి వదిలేసి పోతాం, ఇంత ఇవ్వండి" అంటే మీకు అవసరమైతేనే తీసుకోండి.

చూసినవన్నీ ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

కరెంటు మీటరు

దీనికి రెండు నిమిషాలు చాలు, కానీ ఎక్కువ గొడవలు దీని దగ్గరే వస్తాయి. బిల్లు రీడింగ్ తీసే తేదీ, వాళ్లు ఖాళీ చేసే తేదీ ఒకటి కావు. ఖాళీ చేసే రోజు ఇద్దరూ మీటరు ముందు నిలబడండి. డిజిటల్ మీటరులో అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి, తేదీ, టైము, ఇంకేవో వస్తాయి. కేడబ్ల్యూహెచ్ అని పక్కన పడే అంకె వచ్చేదాకా ఆగి అప్పుడు ఫోటో తీయండి. పాత బిల్లులో ఉన్న చివరి రీడింగ్‌ను దీంట్లోంచి తీసేస్తే వాళ్లు వాడిన యూనిట్లు వస్తాయి. స్లాబుల లెక్కతో తల పట్టుకోకుండా, పోయిన నెల బిల్లులో యూనిట్‌కు సగటున ఎంత పడిందో దాంతో గుణించండి. సర్వీస్ నంబర్ మీ పేరు మీద ఉంటుంది కాబట్టి, పాత బకాయిలేమైనా ఉన్నాయేమో ఎస్పీడీసీఎల్ యాప్‌లో అంతకుముందే చూసుకోండి. మిగిల్చిపోయిన బిల్లు కట్టకపోతే కరెంటు తీసేసేది మీ ఇంటికే.

అడ్వాన్స్ లెక్క

ఒక ఉదాహరణతో చెబుతాను. బాడుగ నెలకు 14,000, అడ్వాన్స్ 42,000, అగ్రిమెంట్‌లో నెల నోటీసు. సెప్టెంబరు 10న చెప్పి సెప్టెంబరు 30న ఖాళీ చేస్తున్నారు. సెప్టెంబరు బాడుగ ఇచ్చేశారు. నోటీసు అక్టోబరు 10 వరకు నడవాలి కాబట్టి పది రోజులు తక్కువైంది. అక్టోబరుకు 31 రోజులు, రోజుకు 452 చొప్పున పది రోజులకు దాదాపు 4,516. కరెంటు 1,260. పగిలిన వాష్‌బేసిన్ మార్చడానికి, కూలీతో కలిపి, 2,300.

తాళాలు ఇచ్చిన రోజున 42,000లోంచి ఈ మూడూ తీసేస్తే 33,924. అది అప్పటికప్పుడే, వాళ్లు మీ ముందుండగానే, ఫోన్‌లోంచి పంపేయండి. కొత్తవాళ్లు అక్టోబరు 6న దిగారనుకోండి. మీ ఇల్లు ఖాళీగా ఉన్నది ఐదు రోజులే. కాబట్టి పట్టుకున్న 4,516లో సగం, 2,258, తిరిగి పంపాలి. ఒకే ఇంటికి ఒకే రోజుకు ఇద్దరి దగ్గరా బాడుగ తీసుకోకూడదు. ఈ చివరి 2,258 వాళ్లు అడగకుండానే వెనక్కి పంపే ఓనర్లు తక్కువ. అలా పంపినవాళ్ల ఇల్లు మాత్రం ఆ ఆఫీసువాళ్ల చేతుల్లోనే తిరుగుతుంటుంది, బ్రోకరు అవసరమే పడదు.

పెయింటింగ్ విషయంలో "ఖాళీ చేసేటప్పుడు ఒక నెల బాడుగ పెయింటింగ్‌కు" అని అగ్రిమెంట్‌లో రాసి ఉంటేనే తీసుకోండి. రాయకుండా చివరి రోజు అడిగితే మాటపడతారు. వాళ్లు ఉన్నది ఐదు నెలలే అయితే, రాసి ఉన్నా కొంత తగ్గించండి.

"ఆఖరు రెండు నెలలు బాడుగ ఇవ్వం, అడ్వాన్స్‌లో పట్టుకోండి" అని కొందరు అంటారు. ఒప్పుకుంటే, ఇంటికి ఏదైనా నష్టం జరిగినప్పుడు మీ చేతిలో ఏమీ మిగలదు. కనీసం ఒక నెల అడ్వాన్స్ చేతిలో ఉండేలా చూసుకుని ఒప్పుకోండి.

డబ్బు తేలలేదని సామాన్ల లారీని గేటు దగ్గర ఆపడం, ముందే నీళ్లు బంద్ చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కొన్ని వేల రూపాయల తగవు పోలీస్ స్టేషన్‌కు చేరుతుంది, అక్కడ తప్పు మీదవుతుంది.

భోగ్యానికి ఇచ్చిన ఇల్లయితే

చిత్తూరు వైపు నెలనెలా బాడుగ లేకుండా ఆరు లక్షలో ఎనిమిది లక్షలో ఒకేసారి తీసుకుని ఇల్లు భోగ్యానికి, లీజుకు ఇవ్వడం ఉంది. గడువు రెండేళ్లో మూడేళ్లో అయ్యాక మొత్తం తిరిగివ్వాలి. అసలు టెన్షన్ ఇక్కడే. ఆ డబ్బు చాలామంది పై మిద్దె కట్టడానికో, కూతురి పెళ్లికో ఖర్చు పెట్టేసి ఉంటారు. పద్నాలుగో నెలలో "డబ్బులిస్తే వెళ్తాం" అంటే ఎక్కడినుంచి తేవాలి?

గడువు లోపల వాళ్లు అడిగితే వెంటనే ఇచ్చి తీరాలని లేదు. అగ్రిమెంట్ అలా చెబితే తప్ప. కానీ "నా దగ్గర లేదు పో" అనడం కూడా తగదు, అది వాళ్లు కూడబెట్టుకున్న సొమ్ము. మధ్యే మార్గంగా రెండు, మూడు నెలల వ్యవధి అడిగి, ఆ మాటను తేదీతో సహా రాసివ్వండి. ఆ వ్యవధిలో కొత్త లీజు మనిషిని చూసుకోండి. కొత్త మనిషి దగ్గర టోకెన్ తీసుకునే ముందు పాతవాళ్లు ఇంకా ఉన్నారని, ఫలానా తేదీకి ఖాళీ చేస్తారని స్పష్టంగా చెప్పండి. దాచిపెడితే ఆ రోజు వాకిట్లో మూడు కుటుంబాలు పోట్లాడుకుంటాయి.

డబ్బు చేతులు మారే రోజు అందరూ ఒకే చోట ఉండాలి. కొత్తవాళ్లు మీ అకౌంట్‌కు వేస్తారు, మీరు పాతవాళ్ల అకౌంట్‌కు వేస్తారు, పాతవాళ్లు తాళాలు ఇస్తారు, మీరు వాటిని కొత్తవాళ్లకు ఇస్తారు. అంతా ఒకే పూటలో అయిపోవాలి. అందుకని బ్యాంకు తెరిచుండే రోజు పెట్టుకోండి, పెద్ద మొత్తాలకు ఫోన్ యాప్‌ల పరిమితి సరిపోదు. నగదులో మాత్రం వద్దు. 20,000 రూపాయలు, అంతకు మించిన డిపాజిట్లను నగదుగా తీసుకోవడం మీద, తిరిగివ్వడం మీద ఆదాయపు పన్ను చట్టంలో ఆంక్షలున్నాయి. పాత ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించి ఉంటే, రద్దు కూడా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే రాయించండి. లేకపోతే ఆ ఇంటి మీద పాత హక్కు ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) అలాగే కనిపిస్తుంది, రేపు అమ్మాలన్నా లోన్ తీసుకోవాలన్నా అడ్డం.

తాళాలు, ఆఖరి కాగితం

తాళాలు తీసుకున్న క్షణంతో బాడుగ ముగిసినట్టు. అందుకే వాటిని పక్కింటివాళ్ల దగ్గరో వాచ్‌మన్ దగ్గరో పెట్టి వెళ్తామంటే వద్దనండి. ఒక తెల్ల కాగితం మీద రెండు ప్రతులు రాయండి: ఫలానా తేదీన ఇల్లు స్వాధీనం చేశారు, ఇన్ని తాళం చెవులు ఇచ్చారు, మీటరు రీడింగ్ ఇంత, అడ్వాన్స్‌లో ఇంత తగ్గించి ఇంత తిరిగిచ్చాం, ఇంత మొత్తం ఫలానా తేదీ దాకా పట్టుకున్నాం, ఇక ఒకరికొకరు వేరే బాకీ లేదు. ఇద్దరి సంతకాలు, ఒక సాక్షి. అసలు అగ్రిమెంట్ మీద 'రద్దయింది' అని రాసి సంతకాలు పెట్టుకోండి.

ఉద్యోగస్తులు బాడుగ రసీదులు అడుగుతారు. ఏడాదికి లక్ష దాటితే మీ పాన్ నంబర్ కూడా కావాలంటారు. వాళ్లున్న నెలలకు మాత్రమే రాసివ్వండి, అంతకు మించి ఒక్క నెలకు కూడా వద్దు.

చెప్పకుండా తాళమేసి వెళ్లిపోయి, ఫోన్ ఎత్తనివాళ్లు కూడా ఉంటారు. తొందరపడి తాళం పగలగొట్టకండి. అగ్రిమెంట్‌లో ఉన్న సొంతూరి అడ్రస్‌కు అక్‌నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, వకీలును కలవండి. లెక్క దగ్గర మాట కుదరకపోతే కోర్టుకు వెళ్లే ముందే న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టుకుని, లోక్ అదాలత్‌లో రాజీ చేసుకునే వీలుంది. చిత్తూరులో జిల్లా సంస్థ ఆఫీసు ఉంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్నంత విలువ ఉంటుంది.

తర్వాత దిగేవాళ్లకు రాయించే అగ్రిమెంట్‌లో ఈ నాలుగు వాక్యాలు చేర్పించండి: "గడువు లోపల ఖాళీ చేయదలచిన వారు ఒక నెల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటీసు తక్కువైన రోజులకు, ఇల్లు నిజంగా ఖాళీగా ఉన్న మేరకు మాత్రమే బాడుగ చెల్లించాలి. కరెంటు బకాయి, వాడకానికి మించిన నష్టం పోను మిగిలిన అడ్వాన్స్‌ను తాళాలు అప్పగించిన రోజే ఓనర్ తిరిగి ఇవ్వాలి. నోటీసు తక్కువైన రోజుల బాడుగను మాత్రం ఓనర్ ఆ గడువు ముగిసేదాకా పట్టుకుని, ఇల్లు నిండిన రోజులకు తిరిగి చెల్లించాలి." సంతకాలు పెట్టే ముందు వాళ్ల ఎదుటే ఒకసారి పైకి చదివి వినిపించండి.